అమ్మ చేతిలో గడ్డ నరం మీద ఉందంటున్నారు, బయాప్సీ చేయించాలా?

అలిపిరి_బాబు
అమ్మకి ఎడమ చేతికి, మోచేయికి కాస్త పైన లోపలి వైపు చిన్న గడ్డ ఉంది. చాన్నాళ్లుగా ఉన్నదే, నొప్పి లేదని ఎవరం పట్టించుకోలేదు. ఈమధ్య పూలు కడుతుంటే చిటికెన వేలు, ఉంగరపు వేలు తిమ్మిరెక్కుతున్నాయని, గడ్డకి ఏదైనా తగిలితే ఆ వేళ్ల దాకా కరెంటు కొట్టినట్టు జివ్వుమంటోందని చెప్పింది. ఇంటి దగ్గర క్లినిక్‌లో చూపిస్తే కొవ్వు గడ్డేలే, మత్తు సూది వేసి అరగంటలో తీసేస్తా అన్నారు. మనసొప్పక వేరేచోట చూపించి ఎమ్మారై తీయిస్తే అల్నార్ నరం (చిటికెన, ఉంగరపు వేళ్లకి వెళ్లే నరం) మీద కణితి, ష్వానోమా (నరం పొర నుంచి పుట్టే గడ్డ) కావచ్చు అని రిపోర్టు వచ్చింది. ఇప్పుడు ఒకరు ముందు బయాప్సీ (సూదితో ముక్క తీసి పరీక్ష) అంటారు, ఇంకొకరు ముట్టుకోవద్దంటారు. క్యాన్సరేమోనని ఇంట్లో అందరికీ టెన్షన్. తీయిస్తే చెయ్యి పడిపోతుందా?

పీలేరు_సుజాత
తమ్ముడూ, ముందు ఆ క్లినిక్ సంగతి మర్చిపో. మా అన్నకి మోకాలి కింద బయటి పక్కన ఇలాంటిదే ఉంటే, స్కానింగ్ ఏదీ లేకుండా కొవ్వు గడ్డనుకుని కోసి నరంతో సహా తీసేశారు. సాయంత్రానికి పాదం పైకి లేవలేదు. నడుస్తుంటే చెప్పు ముందుభాగం నేలకి ఈడ్చుకుంటూ వచ్చేది, మెట్టు తట్టుకుని పడేవాడు. తర్వాత పిక్క దగ్గర నుంచి ఇంకో నరం ముక్క తీసి అతికించారుగానీ పూర్తిగా రాలేదు.

కత్తి_పట్టినోడు (న్యూరోసర్జరీ)
బాబూ, కంగారు పడకు. నువ్వు చెప్పిన ఆ జివ్వుమనడమే నరం మీద గడ్డకి పెద్ద గుర్తు. ఇంకోటి కూడా చూడు: ఇలాంటి గడ్డ పక్కలకి కదులుతుంది, నరం పొడవునా పైకీ కిందికీ మాత్రం కదలదు. ష్వానోమా దాదాపు ఎప్పుడూ క్యాన్సర్ కాదు. గడ్డ గబగబా పెరగడం, రాత్రిళ్లు ఊరికే ఉన్నా నొప్పి, చేతిలో బలం తగ్గిపోవడం, 5 సెంటీమీటర్లు దాటడం, ఇలాంటివి ఉంటేనే అనుమానించాలి. అప్పుడే బయాప్సీ. ఎమ్మారైలో మామూలు ష్వానోమాలాగే కనిపిస్తుంటే సూది గుచ్చడం అనవసరం, నొప్పి భరించలేరు, నరం దెబ్బతినొచ్చు, పైగా లోపల మచ్చ కట్టి తర్వాత ఆపరేషన్ చేసేవాడికి తలనొప్పి.

చెయ్యి పడిపోతుందా అన్నదానికి: ష్వానోమాకి చుట్టూ పొర ఉంటుంది, నరం పోగులు దాని మీద పల్చగా పరుచుకుని ఉంటాయి గానీ లోపలికి కలిసిపోవు. మైక్రోస్కోప్ కింద నరాన్ని గడ్డకి పైనా కిందా బయటపెట్టి, స్టిమ్యులేటర్‌తో (నరానికి సన్నగా కరెంటు ఇచ్చే పరికరం) తాకుతూ వేళ్లు కదలని చోటు వెతికి, అక్కడ పొర కోసి గడ్డని ఒలిచి తీస్తాం. గడ్డ పుట్టిన సన్న పోగు ఒకటి తెగినా సాధారణంగా తేడా తెలియదు. కొన్నాళ్లు తిమ్మిరి పెరగొచ్చు, ఎక్కువమందికి తగ్గుతుంది. న్యూరోఫైబ్రోమా (నరం మీద వచ్చే ఇంకో రకం గడ్డ) అయితే పోగులు గడ్డలోకే అల్లుకుపోతాయి, అది ఇంత తేలిక కాదు. ఆ గడ్డలు వచ్చే జబ్బుకి గుర్తుగా ఒంటి మీద కాఫీ రంగు మచ్చలు, ఇంకా వేరే గడ్డలు ఉన్నాయేమో చూడు.

చంద్రగిరి_మామ
మా ఊళ్లో పసరు కట్టు కట్టేవాళ్లున్నారు, కరిగిపోతుంది. ఒకసారి చూడొచ్చుగా?

కత్తి_పట్టినోడు
మామా, పొరలో ఉన్న కణితి పసరుకి కరగదు. గట్టిగా కట్టి రుద్దితే నరం ఇంకా నలుగుతుంది, అంతే.

అలిపిరి_బాబు
మచ్చలు లేవన్నా, ఇంకే గడ్డలూ లేవు. మరి ఎక్కడ చేయించాలి? అమ్మకి పూలు కట్టకపోతే తోచదు.

పీలేరు_సుజాత
మన తిరుపతిలోనే స్విమ్స్ ఆసుపత్రిలో న్యూరోసర్జరీ ఉంది, ముందు అక్కడ చూపించు. రెండో మాట కావాలంటే వెల్లూరు సీఎంసీ చిత్తూరు దాటితే వచ్చేస్తుంది, కాట్పాడిలో దిగితే సరి. ఎన్టీఆర్ వైద్య సేవ (ప్రభుత్వ ఉచిత వైద్య పథకం) వర్తిస్తుందో లేదో అడ్మిషన్‌కి ముందే కౌంటర్‌లో అడుగు.

కత్తి_పట్టినోడు
ఎక్కడికెళ్లినా నరాల గడ్డలు తీసిన అనుభవం ఉందా, మైక్రోస్కోప్, స్టిమ్యులేటర్ వాడతారా అని మొహమాటం లేకుండా అడుగు. మత్తు డాక్టరుకీ ముందే తెలియాలి, ఎందుకంటే కండరాలు పూర్తిగా వదులైపోయే మందిస్తే స్టిమ్యులేటర్ పని చేయదు. తిమ్మిరి మొదలైంది కాబట్టి నా మట్టుకు తీయించడమే మంచిదంటా. అదే ఏ బాధా లేని చిన్న గడ్డయితే అప్పుడప్పుడు స్కాన్ తీసి చూసుకుంటే చాలనేవాణ్ణి.

వేళ్లు మర్నాటి నుంచే ఆడించమంటారు, పూల బుట్ట మాత్రం కుట్లు విప్పి గాయం మానేదాకా దూరం పెట్టండి, బరువులు అసలొద్దు. తీసిన గడ్డని తప్పకుండా పాథాలజీకి (ల్యాబ్ పరీక్షకి) పంపించి, ఆ రిపోర్టు చేతికొచ్చాకే ష్వానోమానే అని ఖాయం చేసుకో. వచ్చాక ఇక్కడ పెట్టు, చూస్తా.