మినియేచర్ రోజా ఆకులు పసుపు పడి రాలిపోతున్నాయి, మొగ్గలు విచ్చట్లేదు, ఏం చెయ్యాలి?

చిన్నికుండీ:
అందరికీ నమస్తే. మా ఇంట్లో మినియేచర్ రోజా ఒకటి ఉంది, తెచ్చినప్పుడు కుండీ నిండా పువ్వులే, ఎంత ముద్దుగా ఉందో. హాల్లో కిటికీ పక్కన పెట్టాం. ఇప్పుడేమో కింది ఆకులు పసుపు పడి రాలిపోతున్నాయి, మిగతావాటి మీద సూదితో పొడిచినట్టు సన్న చుక్కలు, మొగ్గ వచ్చినా విచ్చకుండానే ఎండిపోతోంది. నీళ్ళు రోజూ పోస్తున్నాం. ఎరువు వెయ్యాలా, పెద్ద కుండీలోకి మార్చాలా, లేక ఈ రకం ఇంతేనా, ఒకసారి పూసి పోయేదేనా? దీన్ని ఎలాగైనా బతికించుకోవాలని ఉంది, తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

ఎండపొడ:
పోదండీ, ఏళ్ళ తరబడి బతికే మొక్క ఇది. ఆకూ పువ్వూ చిన్నవి అంతే, ఎండ దగ్గరికొస్తే పెద్ద రోజాకీ దీనికీ తేడా లేదు, రోజుకి కనీసం 6 గంటలు నేరుగా ఎండ తగలాలి. కిటికీ పక్కన వెలుతురు మన కంటికి బాగానే అనిపిస్తుంది కానీ రోజాకి మొగ్గ విచ్చేంత బలం అందులో దొరకదు. బయట పెట్టెయ్యండి, కాకపోతే ఒకేసారి మిట్టమధ్యాహ్నం ఎండలోకి వద్దు, వారం పది రోజులు పొద్దుటి ఎండ మాత్రం చూపించి మెల్లగా పెంచండి, లేకపోతే ఆకులు మాడతాయి.

రోజూ నీళ్ళు అనే లెక్క కూడా మానెయ్యండి. మట్టిలో వేలు పెట్టి చూసి పైన ఒక అంగుళం ఆరితేనే పొయ్యాలి, పోసినప్పుడు మాత్రం కింద రంధ్రాల్లోంచి కారేదాకా పొయ్యాలి, పళ్ళెంలో నిలిచిన నీళ్ళు పారబొయ్యాలి. ఎరువు ఇప్పుడు అస్సలు వద్దు.

ఆకుపచ్చ:
పైన చెప్పినవన్నీ కరెక్టే కానీ ఆ సూది చుక్కలు నీళ్ళ వల్ల వచ్చేవి కావు, నాకు ఎర్రనల్లిలా ఉంది, ఆకు రసం పీల్చే బుల్లి జీవి అది. ఒక తెల్ల కాగితం పట్టుకుని ఆకుని దాని మీద గట్టిగా తట్టండి, దుమ్ములాంటి చుక్కలు పడి అవి నడుస్తుంటే నల్లే. ఆకు అడుగున సాలెగూడు లాంటి సన్న దారాలు కూడా కనిపించొచ్చు. పొడి గాలి, వెచ్చదనం దానికి బాగా ఇష్టం, అందుకే ఇంట్లో పెట్టిన మినియేచర్ రోజాలకి ఇదే పెద్ద శత్రువు.

దయచేసి చేతికి దొరికిన పురుగుమందు కొట్టకండి. నల్లి కీటకం కాదు, సాలీడు జాతిది, మామూలు కీటకాల మందుకి చాలాసార్లు అది చావదు సరికదా, దాన్ని తినే మంచి పురుగులు చచ్చిపోయి నల్లి ఇంకా పెరుగుతుంది. నీళ్ళే మంచి మందు. కుండీని పక్కకి వంచి ఆకుల అడుగు భాగానికి తగిలేట్టు నీళ్ళు జోరుగా కొట్టండి, రెండు మూడు రోజులకోసారి, రెండు వారాలు వదలకుండా. గుడ్లు ఆకుకి అంటుకునే ఉంటాయి, ఒకసారి కడిగి ఊరుకుంటే మళ్ళీ మొదటికొస్తుంది. పొద్దున్నే కడగండి, సాయంత్రం వద్దు. ఆకులు రాత్రంతా తడిగా ఉంటే నల్లమచ్చ తెగులు పట్టుకుంటుంది, దానికి ఏడెనిమిది గంటల తడి చాలు.

చిన్నికుండీ:
కాగితం మీద తట్టి చూశానండీ, నిజంగానే నడుస్తున్నాయి! ఈరోజే కడిగేశా, బయట పెట్టా. ఇంకోటి, కుండీలో మొదలు దగ్గర నాలుగు కాండాలు విడివిడిగా ఉన్నాయి, ఒకే మొక్క కాదా ఇది?

ఎండపొడ:
కాదు, గుబురుగా కనిపించాలని ఒకే కుండీలో మూడు నాలుగు కొమ్మ ముక్కలు కలిపి నాటుతారు. విడదీసి ఒక్కోదాన్ని ఆరంగుళాల కుండీలో పెడితే చాలా బాగా వస్తాయి. కానీ ఇప్పుడు ముట్టుకోవద్దు, అసలే ఆకులు పోయి నీరసంగా ఉంది, నల్లి పోయి కొత్త చిగుళ్ళు వచ్చాక చెయ్యండి.

తోటపని:
విడదీయడం మీద నా మాట వేరు. వేర్లు బాగా పెనవేసుకుపోయి ఉంటే బలవంతంగా లాగకండి, సన్న వేర్లన్నీ తెగిపోతాయి, మొత్తం వేరు ముద్దనే కొంచెం పెద్ద కుండీలోకి మార్చేయండి, అలా కూడా చక్కగా పూస్తుంది.

కిటికీ మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. ఇప్పుడు మనం పెంచే మినియేచర్లలో చాలావాటి మూలం రూలెటీ అనే బుల్లి రోజా. దాన్ని సుమారు 1918 ప్రాంతంలో స్విట్జర్లాండ్ పల్లెలో కిటికీ కుండీల్లో పెరుగుతుంటే రూలే అనే ఆయన చూశాడు, ఆయన పేరే పెట్టారు. తర్వాత కాలిఫోర్నియాలో రాల్ఫ్ మూర్ జీవితమంతా ఈ చిన్న రోజాల మీదే పనిచేసి వందల రకాలు తీశాడు, 102 ఏళ్ళు బతికాడాయన. నాకు ఆయనంటే చాలా గౌరవం.

ఇక కత్తిరింపు. ఎండిన మొగ్గలన్నీ ఇప్పుడే తీసెయ్యండి, మొక్క బలం వాటికి పోకూడదు. ముందు ముందు పువ్వు వాడగానే దాని కిందకి చూస్తే మూడు రెక్కల ఆకులు, ఇంకా కింద ఐదు రెక్కల ఆకు కనిపిస్తుంది, ఆ ఐదు రెక్కల ఆకు బయటివైపు తిరిగి ఉన్నచోట దానికి కాస్త పైన కత్తిరించాలి. అలా చేస్తూ ఉంటే సుమారు ఆరు వారాలకోసారి మళ్ళీ పూస్తుంది. ఎరువు చిగుళ్ళు గట్టిపడ్డాకే, అదీ మామూలు మోతాదులో సగం. పసుపు పడ్డ ఆకులు తిరిగి పచ్చబడవు, వాటిని చూసి కంగారుపడొద్దు, కణుపుల దగ్గర ఎర్రటి చిగురు వస్తుందా లేదా అదే చూస్తూ ఉండండి. వచ్చాక ఒక ఫోటో పెట్టండి, ఎక్కడ కట్ చెయ్యాలో గీత గీసి చూపిస్తాను.