జప్తా, జప్తీనా?

రాజోలు అమ్మాయి: మా అమ్మమ్మ "ఇల్లు జప్తీకి పడింది" అనేది. పేపర్లో చూస్తే ఎప్పుడూ "జప్తు". చివర ఆ దీర్ఘం ఎక్కడిది?

అమలాపురం మాస్టారు: మూలం అరబ్బీ "జబ్త్". గట్టిగా పట్టుకోవడం అని. తకారం పక్కన పడి బకారం పకారమైంది. మన "జాబితా" కూడా ఆ ధాతువు బిడ్డే.

ప్లీడరుగారబ్బాయి, కాకినాడ: దీర్ఘం ఊరికే రాలేదండి. జప్తు అంటే ఉత్తర్వు, జప్తీ అంటే దాని అమలు. మా నాన్నగారి గుమాస్తా అలాగే వాడేవారు.

మాస్టారు: గుమాస్తాగారి వ్యాకరణం మీద గౌరవమే. నమ్మకమే చాలదు.

మండపేట: ఉర్దూ గజళ్లలో జబ్త్ అంటే దుఃఖాన్ని దిగమింగుకోవడం. మనకేమో ఆ మాట వినపడితే ఇల్లంతా ఏడుపే!

ప్లీడరుగారబ్బాయి: ఇంకోటి వినండి. జప్తుకొచ్చే అమీను ఉన్నాడే, అరబ్బీలో ఆ మాటకి నమ్మకస్తుడని అర్థం. ఆ నమ్మకస్తుడు వీధి మలుపు తిరగ్గానే మావైపు ఇత్తడి బిందెలు పెరటిదారిన పక్కింటికి చేరేవట. అంత కంగారు అక్కర్లేదు పాపం. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ ప్రకారం వంటపాత్రలు, కట్టుబట్టలు, సేద్యానికి కావలసిన ఎడ్లు, విత్తనాలు జప్తు చేయకూడదు.

రామచంద్రపురం: శ్రీనాథుడికి ఆ సెక్షన్ లేకపోయింది! రాజమహేంద్రవరం రెడ్ల కొలువులో వెలిగినవాడు, చివరికి ఏడునూర్ల టంకాల శిస్తు కట్టలేక "బొడ్డుపల్లెను గొడ్డేరి మోసపోతి" అని ఏడవాల్సి వచ్చింది.

మాస్టారు: చాటువు కదా, నోటినోటా వచ్చిన విడిపద్యం, ఆయనదే అని ప్రమాణం చేయను. సరే, "గొడ్డేరి" అంటే ఏమనుకున్నారు?

రామచంద్రపురం: గొడ్డునేలని ఏరికోరి తీసుకున్నానని.

మాస్టారు: అలాగైతే "గొడ్డునేరి" అనాలిగా? ఏరువాకలో ఉన్న ఏరే ఇది, అంటే నాగలి. గొడ్డునేల దున్ని మోసపోయానని.

రామచంద్రపురం: "గొడ్డునేరి" పెడితే తేటగీతిలో గణం చెడుతుంది మాస్టారూ. "గొడ్డేరి" అయితే తగణం, చక్కగా కూర్చుంది. పైగా ఏరు నామవాచకం, "ఏరి" అని క్రియ ఎలా చేశారు?

మాస్టారు: ఛందస్సు నాకు చెబుతున్నారా!

రాజోలు అమ్మాయి: వేలానికి పడింది అన్నట్టే జప్తీకి పడింది అనేదేమో అమ్మమ్మ. ఎవరైనా ఆ దీర్ఘం సంగతి...

మాస్టారు: ఉండమ్మా, ఏరు క్రియ అవుతుందో కాదో ముందు తేలనీ.