ఎన్ఆర్200పీ కేసులో పాత 3600, 1660 సూపర్: కార్డు ముందా, ప్రాసెసర్ ముందా?

బెజవాడబాక్స్:
అందరికీ నమస్తే. నాది కూలర్ మాస్టర్ ఎన్ఆర్200పీ కేసులో కట్టించుకున్న చిన్న పీసీ. లోపల రైజెన్ 5 3600 ప్రాసెసర్, బీ450 మినీ ఐటీఎక్స్ (చిన్న సైజు) మదర్‌బోర్డు, 16 జీబీ డీడీఆర్4 ర్యామ్, జీటీఎక్స్ 1660 సూపర్ గ్రాఫిక్స్ కార్డు, 450 వాట్ల ఎస్ఎఫ్ఎక్స్ (చిన్న సైజు) పవర్ సప్లై ఉన్నాయి. 1080పీ మానిటర్ ఉన్నన్నాళ్లూ ఏ ఇబ్బందీ లేదు కానీ ఈమధ్య ఎక్కువ పిక్సెళ్లుండే 1440పీ కొన్నాక వాలరెంట్ తప్ప ఏ ఆటా సుఖంగా ఆడలేకపోతున్నా, సైబర్‌పంక్ 2077లో సెట్టింగులన్నీ కిందికి దించినా కారు తోలుతుంటే ఆగి ఆగి నడుస్తోంది. బడ్జెట్ 50 వేలు, తప్పదంటే ఇంకో ఐదు. షాపులో అడిగితే పాత బోర్డు మీద డబ్బు పెట్టడం దండగ, మొత్తం తీసేసి ఏఎం5కి (ఏఎండీ కొత్త ప్రాసెసర్ల సాకెట్) వెళ్లిపో అన్నారు. కేసు మాత్రం మార్చను, టేబుల్ మూలన ఒదిగిపోతుంది, నాకు చాలా ఇష్టం. ముందు ఏది మార్చాలి? పవర్ సప్లై సరిపోతుందా? మా గదిలో ఏసీ లేదు, ఎండాకాలం సంగతి కూడా టెన్షన్‌గానే ఉంది.

పార్క్‌లేన్‌వాసి:
కొనేముందు ఒక పని చెయ్యి తమ్ముడూ. ఆఫ్టర్‌బర్నర్ (కార్డు పనితీరు చూపించే సాఫ్ట్‌వేర్) ఆన్ చేసుకుని ఆట ఆడుతూ జీపీయూ, అంటే గ్రాఫిక్స్ చిప్, వాడకం చూడు. అది 97, 98 శాతం దగ్గర నిలబడిపోతే కార్డు చేతులెత్తేసినట్టు, 60, 70 దగ్గర ఊగుతుంటే ప్రాసెసర్ అందివ్వలేకపోతున్నట్టు. 1440పీ, పైగా ఆ కార్డులో ఉన్నది 6 జీబీ మెమరీ, కాబట్టి నీ విషయంలో కార్డే అని నా నమ్మకం, అయినా చూసుకో.

ఏఎం5 మాట ఇప్పుడు వదిలెయ్. దానికి వెళ్తే ప్రాసెసర్ ఒక్కటే కాదు, కొత్త మినీ ఐటీఎక్స్ బోర్డు కావాలి, అవి మామూలు సైజు బోర్డుల కంటే ఎప్పుడూ ఖరీదే. డీడీఆర్5 ర్యామ్ కూడా కొనాలి. మెమరీ తయారుచేసే కంపెనీలు ఏఐ సర్వర్ల వైపు మళ్లడంతో 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు ఎలా పెరిగాయో అందరం చూస్తూనే ఉన్నాం. అదంతా కొన్నాక కార్డుకి నీ దగ్గర మిగిలేదేమీ ఉండదు. చేతిలో ఉన్న డీడీఆర్4ని జాగ్రత్తగా ఉంచుకో.

కార్డు అంటే నా ఓటు ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ 16 జీబీకి. కారణం నీ బోర్డే. కార్డుకీ బోర్డుకీ మధ్య డేటా నడిచే దారి పీసీఐ ఎక్స్‌ప్రెస్, బీ450లో ఉన్నది దాని పాత 3.0 వెర్షన్. ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 5060 టీఐ ఆ దారిలో 8 లేన్లతోనే (వరసలతోనే) వస్తుంది, అంటే నీ బోర్డు మీద దానికి దొరికే దారి సెకనుకి సుమారు 8 జీబీ. 9060 ఎక్స్‌టీకి 16 లేన్లు ఉన్నాయి, కాబట్టి అదే బోర్డు మీద రెట్టింపు. కార్డు మెమరీ చాలినంతసేపు ఈ తేడా పెద్దగా కనిపించదు, చాలక ర్యామ్ నుంచి తెచ్చుకోవాల్సి వచ్చినప్పుడే ఆట తడబడుతుంది. అందుకే ఏది కొన్నా 8 జీబీది మాత్రం కొనకు. రెండు కార్డులూ అదే పేరుతో 8 జీబీలో కూడా వస్తున్నాయి, పెట్టె మీద అంకె చూసి డబ్బు కట్టు. రే ట్రేసింగ్ (వెలుతురు, నీడలు నిజంలా చూపించడం), డీఎల్ఎస్ఎస్ (ఏఐతో ఫ్రేములు పెంచే ఎన్విడియా పద్ధతి) కచ్చితంగా కావాలనుకుంటే 5060 టీఐ 16 జీబీ తీసుకో, తప్పేం లేదు, కాకపోతే డబ్బు ఎక్కువ పెట్టాలి.

గుంటూరుగాలి:
పై అన్న చెప్పింది నిజమే కానీ చిన్న కేసులో కొలతల తర్వాతే మిగతావి. ఎన్ఆర్200పీలో 330 మిల్లీమీటర్ల పొడవు కార్డు పడుతుంది కాబట్టి పొడవుతో బెంగ లేదు, మందం చూసుకో. రెండు స్లాట్ల కార్డయితే కింద మామూలు 25 మిల్లీమీటర్ల ఫ్యాన్లు రెండు పెట్టుకోవచ్చు, అంతకంటే లావు కార్డయితే 15 మిల్లీమీటర్ల సన్న ఫ్యాన్లకి మారాలి. కింది నుంచి చల్లగాలి లోపలికి, పైనుంచి వేడి బయటికి, ఈ కేసు బాగా పనిచేసేది అలాగే. గాజు ప్యానెల్ పెట్టి ఉంటే ఈరోజే తీసి రంధ్రాల స్టీలు ప్యానెల్ బిగించు, ఎన్ఆర్200పీతో అది ఇచ్చే ఉంటారు.

వాట్ల లెక్క చూస్తే 1660 సూపర్‌కి 125, 9060 ఎక్స్‌టీ 16 జీబీకి 160. దానికి ఏఎండీ చెప్పే పవర్ సప్లై కూడా 450 వాట్లే. నీది మంచి కంపెనీది అయితే, ఓవర్‌క్లాక్ (కంపెనీ పెట్టిన వేగం కంటే పెంచడం) చెయ్యనంటే సరిపోతుంది. 8 పిన్ల కేబుల్ ఒక్కటే అడిగే మోడల్ చూసుకో. బెజవాడ మే నెలలో ఏసీ లేని గదిలో లోపలికి వెళ్లే గాలే 40 డిగ్రీలకి దగ్గరగా ఉంటుంది, ఎన్ని ఫ్యాన్లు పెట్టినా లోపలి వేడి అంతకంటే కిందికి దిగదు. కాబట్టి వేసవిలో కార్డు పవర్ లిమిట్ కాస్త తగ్గించి, ఫ్రేములకి సెకనుకి 75 దగ్గర పరిమితి పెట్టుకో. ఆటలో తెలిసే తేడా చాలా తక్కువ, వేడిలో తేడా మాత్రం చెయ్యి పెడితే తెలుస్తుంది.

బెజవాడబాక్స్:
చాలా థ్యాంక్స్ అన్నా. చూశాను, జీపీయూ 98 శాతం మీదే ఉంటోంది. ఇంకో రెండు ప్రశ్నలు. మా బావ డల్లాస్ నుంచి వస్తున్నారు, కార్డు అక్కడ కొనిపించుకోమంటారా? మిగిలిన డబ్బుకి సెకండ్ హ్యాండ్ 5700ఎక్స్3డీ ప్రాసెసర్ వస్తే తీసుకోవచ్చా?

ప్లేనోనుంచి:
నేనుండేది ఆ పక్కనే. అక్కడి ధర చూసి తక్కువ అనుకుంటారు గానీ అది పన్ను కలపని ధర, డల్లాస్‌లో సేల్స్ ట్యాక్స్ 8.25 శాతం పడుతుంది. మన దగ్గర రాసి ఉండే ధరలో 18 శాతం జీఎస్టీ కలిసే ఉంటుంది. రెండూ పక్కపక్కన పెడితే మిగిలేది అనుకున్నంత ఉండదు, పైగా అమెరికాలో కొన్న కార్డుకి ఇండియాలో వారంటీ చాలా కంపెనీలు ఇవ్వవు. ఏసీ లేని గదిలో నడవబోయే కార్డు కాబట్టి ఇండియా బిల్లు, ఇండియా వారంటీ మీ చేతిలో ఉండటమే మంచిది. బావగారిని వేరేది ఏదైనా తెమ్మనండి.

5700ఎక్స్3డీ గొప్ప ప్రాసెసరే, దాని 96 ఎంబీ క్యాష్ (ప్రాసెసర్ లోపలి వేగమైన మెమరీ) వల్ల కొన్ని ఆటల్లో బాగా తేడా వస్తుంది. కానీ 1440పీలో, ఈ స్థాయి కార్డుతో ఆ తేడా చాలావరకు కరిగిపోతుంది. అది 105 వాట్లది, మీ 3600 65 వాట్లది, చిన్న కేసులో ఇదీ ఆలోచించాలి. నేనైతే ముందు కార్డు పెట్టి కొన్నాళ్లు ఆడి, అప్పటికీ ప్రాసెసర్ చాలట్లేదనిపిస్తే కొత్త 5600 గానీ 5700ఎక్స్ గానీ తీసుకుంటా. రెండూ 65 వాట్లే. 5600 పెట్టెలో కూలర్ వస్తుంది, 5700ఎక్స్‌తో రాదు, ఆ ఖర్చు లెక్కలో వేసుకోండి.

పార్క్‌లేన్‌వాసి:
ప్రాసెసర్ మార్చే రోజు వస్తే ఈ వరస తప్పకు. పాత 3600 బోర్డు మీద ఉండగానే బయోస్ (బోర్డుని నడిపే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చెయ్యి, పాత బయోస్‌తో 5000 సిరీస్ ప్రాసెసర్ పెడితే తెర మీద ఏమీ రాదు. అప్‌డేట్ జరిగేటప్పుడు కరెంటు పోకూడదు, కాబట్టి యూపీఎస్ మీద పెట్టుకో. కూలర్ తీసే ముందు ఏదైనా ఆట కాసేపు నడిపి, పేస్ట్ మెత్తబడ్డాక ఆఫ్ చేసి, కూలర్‌ని అటూ ఇటూ మెల్లగా తిప్పి తియ్యి. నేరుగా పైకి లాగితే ఏఎం4లో (నీ బోర్డు సాకెట్ అదే) ప్రాసెసర్ కూడా దాంతోపాటు ఊడివచ్చి పిన్నులు వంగుతాయి. బయోస్ అప్‌డేట్ అయ్యాక సెట్టింగులన్నీ మొదటికొస్తాయి, ఎక్స్ఎంపీ (ర్యామ్‌ని దాని పూర్తి వేగంలో నడిపే సెట్టింగు) మళ్లీ ఆన్ చెయ్యడం మర్చిపోతే నీ ర్యామ్ తక్కువ వేగంలోనే నడుస్తూ ఉంటుంది.