హారన్ పోతే ఇంట్లోనే చూసుకోవచ్చా, షాపుకే పోవాలా?

కొత్తపట్నం_గాలి:
అన్నా, 2013 డీజిల్ కారు, వారం నుంచి హారన్ మోగట్లా. నొక్కితే డ్యాష్‌బోర్డు కింద ఎక్కడో టిక్‌మంటది, అంతే. ఒంగోల్లో 850 పెట్టి కొత్త హారన్ తెచ్చి నిన్న ముందు గ్రిల్ ఊడదీసి నేనే బిగించా, అదీ మోగలా. మా మామేమో షాపుకి పోవయ్యా అంటే వినవు అని పొద్దున్నించీ ఒకటే పాట. ఇది ఇంట్లో అయ్యే పనేనా?

ఒంగోలుగిత్త:
అయ్యే పనే తమ్ముడూ. టిక్‌మందంటే హారన్‌కి కరెంటు కలిపే రిలే బాగున్నట్టే. షాపుకి మాత్రం పోబాక. పోయినేడు నాకు స్టీరింగ్ లోపలుండే క్లాక్ స్ప్రింగ్ పోయిందని చెప్పి 4,200 లాగారు, తీరా చూస్తే పోయింది ఫ్యూజు.

12వోల్ట్_సింగరాయకొండ:
టిక్‌మంటే స్టీరింగ్‌లో స్విచ్చి, రిలే కాయిలు బాగున్నట్టు, అంతవరకే. లోపల కాంటాక్టులు మాడిపోయినా టిక్‌మంటది. పక్కన అదే రకం రిలే ఉంటే మార్చి చూడు.

ఒంగోలుగిత్త:
టిక్‌మంటే బాగున్నట్టే అబ్బా, చెవులు లేవా మాకు.

కావలి_లోడు:
ప్రెజర్ హారన్ పెట్టిచ్చు సామీ, హైవే మీద లారీలే పక్కకి పోతాయి

పెన్నాఒడ్డు:
పెట్టిస్తే చలానా కూడా కట్టుకోవాల. మోటారు వాహనాల రూల్స్ 1989లో 119వ రూలు చదువుకో.

12వోల్ట్_సింగరాయకొండ:
చెవులు అందరికీ ఉండాయి, టెస్ట్ ల్యాంపు ఎవరి దగ్గరుంది? తమ్ముడూ, హారన్ వైరు పీకి ల్యాంపు పెట్టి ఇంకొకర్ని నొక్కమను, వెలిగితే కరెంటు హారన్ దాకా వస్తున్నట్టు. వెలక్కపోతే ఫ్యూజు, రిలే చూడు. స్టీరింగ్ జోలికి మాత్రం పోబాక, ఎయిర్‌బ్యాగ్ ఉంటది.

ఒంగోలుగిత్త:
చూశారా, మొదలుపెట్టాడు భయపెట్టడం. నాకూ ఇట్టనే ఎయిర్‌బ్యాగ్, ఎయిర్‌బ్యాగ్ అనే 4,200 బిల్లేశారు. మీ షాపులోళ్ళంతా ఒకే బడిలో చదివారా?

12వోల్ట్_సింగరాయకొండ:
నువ్వు నన్ను దొంగ అంటుండావు, సరే. ఇరవై ఏళ్ళుగా ఈ పనే చేస్తుండా, నేను కూడా చెప్తా విను. పోయిన నెల ఒకాయన బండి తెచ్చాడు, గంటన్నర వెతికితే ఒక వైరు తెగింది దొరికింది, అతికించి 200 అడిగా. "వైరు ముక్కకి రెండొందలా" అని వంద చేతిలో పెట్టి పోయాడు. అదే కొత్త హారన్ అమ్మి 1,500 అని ఉంటే గమ్ముగా ఇచ్చేవాడు. వెతికినందుకు మీరు ఇయ్యరు, సామాను మారిస్తేనే ఇస్తారు. మరి షాపోడు సామాను మార్చక ఏం చేస్తాడు?

ఒంగోలుగిత్త:
అయితే నా 4,200 న్యాయమేనంటావా?

12వోల్ట్_సింగరాయకొండ:
అనలా. ఫ్యూజు చూడకుండా స్టీరింగ్ విప్పినోడిది తప్పే.

మైపాడు_రొయ్య:
ఇద్దరూ ఆగండబ్బా, అడిగినోడు ఏమైపోయాడు

కొత్తపట్నం_గాలి:
ఇప్పుడే చూశా అన్నా, ల్యాంపు బాగా వెలుగుతుంది. హారన్‌కి ఒకటే వైరు ఉండాది.

12వోల్ట్_సింగరాయకొండ:
ముందే చెప్పొద్దా అయ్యా! ఒంటి వైరు హారన్‌కి ఎర్తు, అంటే కరెంటు తిరిగిపోయే దారి, బ్రాకెట్టు ద్వారానే. మీది సముద్రం పక్క, బ్రాకెట్టు బాడీకి బిగించిన కాడ తుప్పు పట్టుంటది. బోల్టు తీసి ఇనుము మెరిసేదాకా ఉప్పుకాగితంతో రుద్దు, బిగించినాక పైన కొంచెం గ్రీజు పుయ్యి.

కొత్తపట్నం_గాలి:
మోగింది!! బోల్టు కింద ఎర్రగా పొరలు పొరలుగా రాలింది అన్నా. పాత హారన్ పెట్టి చూశా, అదీ మోగుతుంది. అంటే 850 దండగ. ఒకసారి బిగించిన హారన్ షాపోడు వాపసు తీసుకోనంటుండాడు, ఎవరికైనా కావాలంటే 600కి ఇస్తా.

ఒంగోలుగిత్త:
రిలే బాగుందని నేను మొదట్లోనే చెప్పలా? సరే, 12వోల్ట్ అన్నా, ఈ తుప్పు గీకడానికి నువ్వైతే ఎంత తీసుకుంటావు?

12వోల్ట్_సింగరాయకొండ:
200.

ఒంగోలుగిత్త:
తుప్పు గీకినందుకు రెండొందలా!