తిరుపతిలో ఐదుగురం పద్యాలు మొదలుపెడుతున్నాం: ఏ ఛందస్సు, ఎలా చదువుకోవాలి?

స్వర్ణముఖి:
ఆదివారాలు పొద్దున్నే కలిసి పద్యాలు రాయాలని ఐదుగురం అనుకుంటున్నాం. గురులఘువులు గుర్తుపట్టగలం, అంతవరకే. శ్రీకాళహస్తి పక్కనే ఉంది కదా, ధూర్జటి దారిలో మత్తేభం పట్టుకుందామని ఒకరు, ఆటవెలది చాలని ఇంకొకరు. ఏది మేలు? వినేవాళ్లు "బాగుంది" అని ఊరుకోకుండా ఉండాలంటే ఏం చెయ్యాలి?

తలకోన:
మత్తేభం ఇప్పుడే వద్దండీ. పాదానికి 20 అక్షరాలు, మారని గణాలు (గురులఘువుల గుంపులు), 14వ అక్షరం యతి (పాదం మొదటి అక్షరంతో పొంతన కుదరాల్సిన చోటు), పైగా ప్రాస (అన్ని పాదాల్లో రెండో అక్షరానికి ఒకే హల్లు). ఆటవెలదికి ప్రాస నియమం లేదు. 1, 3 పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. 2, 4 పాదాల్లో ఐదూ సూర్యగణాలే. నాలుగో గణం మొదటి అక్షరం యతి. గురువు U, లఘువు I అనుకుంటే సూర్యగణాలు రెండే: నగణం (III), గలం (UI). ఇంద్రగణాలు ఆరు: నగం (IIIU), నలం (IIII), సలం (IIUI), భ (UII), ర (UIU), త (UUI).

కొండ మీద మబ్బు కూర్చున్న వేళలో
కోనకోన తడిసి కూసె పిట్ట

కొ–కూ, కో–కూ యతి కుదిరింది. "కూర్చున్న" తీసి "వచ్చిన" పెట్టి చూడండి. భగణమే, లెక్క తప్పదు, యతి మాత్రం పోతుంది. వేళ్లమీద గణాలు లెక్కపెట్టేవాళ్లకి ముందుగా జారేది యతే. ఆ తర్వాత సంయుక్తాక్షరం. దాని ముందు అక్షరం గురువవుతుంది, వేరే మాటలోదైతే కాదు: "ఆమె ప్రేమ"లో "మె" లఘువే, "రామప్రేమ" సమాసం గనుక అక్కడ "మ" గురువు.

కపిలతీర్థం:
అన్నా, ఒక్క నియమం గట్టిగా పెట్టుకోండి. రాసినవాళ్లు తమ పద్యం చదవకూడదు. వాళ్లకు నడక ముందే తెలుసు, తప్పును రాగంతో దాటించేస్తారు. పక్కవాళ్లు తడబడ్డ చోట చాలాసార్లు గణం తప్పి ఉంటుంది. మొదటిసారి కాగితం లేకుండా వినండి, రెండోసారి పెన్సిల్ పట్టుకోండి. ఒక్కొక్కరూ నచ్చిన పాదమేదో, ఎందుకో చెప్పాలి, తీసేయదగ్గ మాట ఒకటి చూపించాలి. గణం నింపడానికి దూరిన "కదా", "వినుము" అప్పుడే బయటపడతాయి. అంతవరకూ రాసినవాళ్లు మాట్లాడకూడదు. పద్యానికి పది నిమిషాలు చాలు.

తలకోన గారి రెండో పాదం నాలుగో పాదంగానూ సరిపోతుంది. దాన్నిచ్చి పై మూడు పాదాలు అందరినీ రాయమనండి. చిక్కుముడి ఉన్న సమస్య కాదు గనుక కొత్తవాళ్లకు హాయి. ఒకరి పద్యంలో ఆ పిట్ట దాహం తీరి కూస్తుంది, ఇంకొకరి పద్యంలో జతను పిలుస్తుంది. ఒకే పాదం అన్ని దారుల్లో పోవడం చెవులారా వినాలి, ఒంటరిగా రాసుకుంటే ఆ సంబరం దొరకదు!

చంద్రగిరి కోట:
వాట్సాప్‌లో పంపేటప్పుడు గొంతు రికార్డు కూడా జతచెయ్యండి. సీసపద్యం లాంటి వాటి పొడుగు పాదాలు ఫోన్ తెరమీద విరిగి, ఎక్కడ ఆగాలో తెలియదు.

ఆటవెలది చేతికొచ్చాక తేటగీతి: ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు, నాలుగు పాదాలూ అంతే. కందం ఆ తర్వాత. అందులో ప్రాస తప్పదు, రెండేసి పాదాలు కలిపి లెక్కపెడితే బేసి గణాల్లో జగణం (IUI) రాకూడదు, ఆరో గణం (అంటే 2, 4 పాదాల్లో మూడోది) జగణం గాని నలం గాని కావాలి. ఆ ఆరో గణం దగ్గరే ఎక్కువమంది ఆగిపోతారు. అక్కడ వచ్చే మాట ముందు దొరకబుచ్చుకుని, మిగతా పాదం దాని చుట్టూ అల్లుకోండి.