మోటారు ఆపడం, బట్టలు ఆరేయడం గుర్తుండట్లేదు

ప్రశ్న (విజయనగరం): నాకు ఏడీహెచ్‌డీ (ధ్యాస ఒకచోట నిలవని సమస్య). మోటారు వేస్తాను, ట్యాంకు పొంగి పక్కింటి పిన్ని కేకేస్తేగానీ గుర్తురాదు. మిషన్‌లో బట్టలు రాత్రికి ముక్క వాసన కొడుతున్నాయి. చార్టులు, డైరీలు చెప్పకండి, వారానికే మూలన పడతాయి.

పార్వతీపురం నుంచి: ఫ్లోట్ స్విచ్ పెట్టించండి. ట్యాంకు నిండగానే మోటారు దానంతటదే ఆగుతుంది.

శ్రీకాకుళం నుంచి: మిషన్ వేయగానే ఖాళీ బుట్టని వీధిగుమ్మానికి అడ్డంగా పెడతాను. అలారం అయితే నొక్కేసి మర్చిపోతాం, బుట్టని దాటి వెళ్లాలంటే చూడాల్సిందే. "ఇదేం వాస్తే" అని మా అత్తగారు సణుగుతారు, సణగనీ. లోపల వేసుకునే బట్టలు మడతపెట్టడం మానేశాను. ఒక తొట్టెలో పడేస్తే ఎవరు చూడొచ్చారు?

బొబ్బిలి నుంచి: బుట్ట మంచిదేగానీ కొన్నాళ్లకి అదీ కంటికి ఆనదండీ, చోటు మారుస్తుండాలి. నా మాత్రలైతే టీపొడి డబ్బా మీదే. టీ మరవను కదా!