‘రిపరేషన్స్’కు తెలుగు మాట: నష్టపరిహారం సరిపోతుందా?

గుంటూరు, బ్రాడీపేట నుంచి:
సభ్యులకు నమస్కారం. బానిసత్వం, వలసపాలన వంటి పాత అన్యాయాలకు ఇవాళ్టివాళ్లు ఏం బాకీ పడి ఉన్నారన్న పరిశోధన వ్యాసం ఒకటి తెలుగు చేస్తున్నాను. రెండో పేజీలోనే బండి ఆగింది. ‘రిపరేషన్స్’ అంటే నష్టపరిహారం అంటోంది నా దగ్గరున్న నిఘంటువు. అదే రాసుకుంటూ పోయాను. 1833 దగ్గరికి వచ్చేసరికి కలం కదల్లేదు.

ఆ ఏడాది బ్రిటన్ తన వలసల్లో బానిసత్వాన్ని రద్దు చేస్తూ 2 కోట్ల పౌండ్ల పరిహారం కేటాయించింది. బానిసలకు కాదు, యజమానులకు! ‘ఆస్తి’ చేజారినందుకు. లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు ఆనాటి క్లెయిముల దస్తరాలు తిరగేసి, ఎవరికి ఎంత ముట్టిందో పేరుపేరునా జాబితా కట్టారు. ఆ పరిహారం కోసం బ్రిటన్ చేసిన అప్పు పూర్తిగా తీరింది 2015లో. విడుదలైనవాళ్లకు దమ్మిడీ దక్కలేదు సరికదా, చాలామంది 1838 దాకా అప్రెంటిస్ అన్న పేరుతో పాత యజమాని దగ్గరే కూలి లేని చాకిరీ చేశారు.

యజమానులు పుచ్చుకున్నది అచ్చమైన నష్టపరిహారం, అందులో పేచీ లేదు. ఇప్పుడు బానిసల వారసులు అడుగుతున్నదాన్నీ అదే మాటతో చెబితే పాఠకుడికి తేడా ఎలా తెలుస్తుంది? పైగా మన దగ్గర ఈ మాట బాగా అరిగిపోయింది. చేను మునిగితే పరిహారం, రోడ్డు వెడల్పులో స్థలం పోతే పరిహారం, కుజదోషానికీ పరిహారమే. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ సింగ్‌నగర్‌లో మా చెల్లెలి ఇంటికి లెక్క రాసుకునేవాళ్లు వచ్చారు. మంచం, ఫ్రిజ్, కుట్టుమిషను అని వరసగా రాసుకుని వెళ్లారు. ఎవరి వల్ల అన్న గడి ఆ కాగితంలో లేదు, ఉండాల్సిన పనీ లేదు. పరిహారంలో పోయిన వస్తువు ఉంటుంది, వచ్చే డబ్బు ఉంటుంది. చేసినవాడు ఉండడు. ఇదీ నా ఇబ్బంది.

విజయవాడ, గవర్నర్‌పేట నుంచి ఒక న్యాయవాది:
మీ అనుమానానికి చట్టం వైపు నుంచి కూడా బలం ఉంది. ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ 2005లో ఆమోదించిన సూత్రాల్లో ‘రిపరేషన్’ ఐదు రకాలు. పోయినదాన్ని యథాస్థితికి తేవడం, నష్టపరిహారం, పునరావాసం, ‘సాటిస్‌ఫాక్షన్’, మళ్లీ జరగదన్న హామీ. నష్టపరిహారం ఐదింటిలో ఒకటి. కొమ్మకు పెట్టిన పేరే చెట్టుకూ పెడితే ఎలాగండీ? నాలుగోదానికి ‘తృప్తి’ అని రాసిన అనువాదం ఒకటి నా చేతికి వచ్చింది. విందు భోజనం చేసి త్రేన్చినట్టుంది. అక్కడి అసలు ఉద్దేశం వేరు. నిజాన్ని బహిరంగంగా ఒప్పుకోవడం, క్షమాపణ, పోయిన పరువు తిరిగి నిలబెట్టడం, స్మారకాలు అన్నీ ఆ పద్దులోకే వస్తాయి.

తెనాలి నుంచి, పదవీ విరమణ చేసిన తెలుగు మాస్టారు:
‘ప్రాయశ్చిత్తం’ ఉండగా వెతుకులాట దేనికి? చేసినవాడు లేకుండా ప్రాయశ్చిత్తం లేదు. అది సంస్కృతం అనుకుంటే అచ్చ తెలుగులో ‘తప్పు’ ఉంది. పూర్వం కులపెద్దలు తప్పు వేసేవారు, దోషి తప్పు కట్టేవాడు. నేరానికీ దానికి చెల్లించే సొమ్ముకూ ఒకే పేరు.

బ్రాడీపేట:
మాస్టారూ, ‘తప్పు’ దగ్గర నాకూ నోరూరింది. కానీ ఆ సొమ్ము పెద్దల పంచాయతీకి పోయేది, దెబ్బ తిన్నవాడికి కాదు. ఇక ప్రాయశ్చిత్తంలో చేసినవాడు ఉన్నాడు, నిజమే. పడినవాడు లేడు. కృష్ణలో మూడు మునకలు వేసి ఇంటికి పోవచ్చు.

మంగళగిరి నుంచి:
సరిగ్గా ఈ పేచీ ఇద్దరి మధ్య ఒకసారి వచ్చింది. హిట్లర్ కాలంలో యూదులను ఊచకోత కోసినందుకు 1952లో పశ్చిమ జర్మనీ ఇజ్రాయెల్‌కు డబ్బు కట్టేందుకు ఒప్పందం చేసుకుంది. జర్మన్లు దానికి పెట్టుకున్న పేరు ‘వీడర్‌గూట్‌మాఖుంగ్’. విడగొట్టి చెబితే మళ్లీ మంచి చేయడం. చచ్చిపోయినవాళ్లను మళ్లీ మంచి చేస్తారా అని అవతలివాళ్లకు ఒళ్లు మండింది. వాళ్లు హీబ్రూలో ‘షిలుమీమ్’ అన్నారు. ఉత్త చెల్లింపులు. డబ్బు తీసుకుంటాం, అంతమాత్రాన క్షమించినట్టు కాదు అని. మన ‘చెల్లు’ ఆ పని చేయలేదు. ‘చెల్లుకు చెల్లు’ అంటే లెక్క ముగిసిపోయింది అనేగా!

స్టువర్టుపురం నుంచి:
నాది భాషా పాండిత్యం కాదు, ఇంటి మాట. 1871 నాటి నేరస్థ తెగల చట్టం 1911 నుంచి మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. మా ఎరుకలవాళ్లు పుట్టుకతోనే దొంగల లెక్క. మమ్మల్ని నిఘాలో ఉంచిన సెటిల్‌మెంట్‌లో పేరు పిలిస్తే తాత హాజరు పలకాలి, ఊరు దాటాలంటే పాసు చూపించాలి. 1952 ఆగస్టు 31న ఆ చట్టం దేశమంతటా పోయింది. మాకు ‘విముక్త జాతులు’ అని పేరు పెట్టారు. విడిపించారని ఉంది ఆ పేరులో, కట్టేసింది ఎవరో లేదు. నా చిన్నప్పుడు బాపట్ల బస్సులో అమ్మ మా ఊరికి టికెట్టు అడగగానే పక్కనున్నావిడ సంచి ఒళ్లోకి లాక్కుంది. అమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. పరిహారం అన్న మాట మా ఇంట్లో నేను వినలేదు. ‘నింద వేసినవాళ్లనే వచ్చి తీసెయ్యమను’ అనేది అమ్మ.

గవర్నర్‌పేట న్యాయవాది:
నాలుగో రకం మొత్తం ఆ ఒక్క వాక్యంలో ఉందండీ. వేసినవాళ్లు, పడినవాళ్లు కూడా ఉన్నారు.

బ్రాడీపేట:
రాత్రంతా ఈ వ్యాఖ్యలే తిరిగాయి బుర్రలో. నాలుగోదానికి ‘నింద మాపడం’ అని రాశాను. స్మారకాలు అందులో ఇమడవని తెలుసు, వాటికి పక్కనే ఒక వాక్యం కలిపాను. మొత్తానికి పేరు ‘అన్యాయపు బాకీ’ అనుకుంటున్నాను. బాకీ అనగానే పడ్డవాడు ఎవడు, రావలసినది ఎవరికి అని అడగాల్సి వస్తుంది, తాత చేసిన బాకీ మనవడి గడప తొక్కడం మనవాళ్లకు కొత్త కాదు. మాస్టారికి ఇది కోమటి పద్దులా వినిపించవచ్చు. ఇంతకన్నా మంచిది తడితే సోమవారం లోగా చెప్పండి, ఆ రోజు ప్రతి పంపాలి. 1833 పేరాలో మాత్రం ‘నష్టపరిహారం’ అలాగే ఉంచేశాను.